ముప్ఫై ఏడో ఎక్కం

మా ఆవిడను ఆసుపత్రిలో ఎవరూ పేరుపెట్టి పిలవరు. ముప్ఫైయేడమ్మ అంటారు. కొత్తవాళ్లు అది ఆమె వయసు అనుకుంటారు. ఆ వయసు దాటి చాలా కాలమైంది కాబట్టి ఆమె కూడా ఎవరినీ సరిదిద్దదు. ముసిముసిగా నవ్వి ఊరుకుంటుంది.

ఆమె పనిచేసేది ఆసుపత్రి కింది అంతస్తులో, సీసం దిట్టించిన తలుపు వెనక. ఆ గదిని హాట్ ల్యాబ్ అంటారు. పేరుకే హాట్, ఏసీ దెబ్బకు అక్కడ మనిషన్నవాడు స్వెటర్ లేకుండా నిలవలేడు. రేడియోధార్మిక మందులు అక్కడికే వస్తాయి. వాటి బలం కొలిచి రోగులకు ఇస్తారు. కొలిచే యంత్రం ఓ బావిలాంటి గొట్టం. మందును అందులోకి దించితే పక్కనున్న పెట్టె మీద అంకె కనబడుతుంది.

తిరకాసంతా ఆ అంకెలోనే ఉంది. మందు బలానికి రెండు కొలతలున్నాయి మరి. పాతది క్యూరీ. ఒక గ్రాము రేడియంలో సెకనుకు మూడువేల ఏడువందల కోట్ల అణువులు విరుగుతాయని లెక్కగట్టి, అది ఒక క్యూరీ అన్నారు. కొత్తది బెకెరెల్. సెకనుకు ఒక్క అణువు విరిగితే ఒక బెకెరెల్, అంతే. నేను దర్జీని, నాకు అర్థమైన పద్ధతిలో చెబుతాను. పాత కొలత బట్టను తానుల లెక్కన అమ్మడం, కొత్తది పోగుల లెక్కన అమ్మడం. రెండింటితోనూ చొక్కా కుట్టలేం. అందుకని తానును చీల్చి మిల్లీక్యూరీ అన్నారు, పోగులను కట్టగట్టి మెగాబెకెరెల్ అన్నారు. ఒక మిల్లీక్యూరీకి ముప్ఫై ఏడు మెగాబెకెరెల్‌లు. మా ఆవిడ పేరు అక్కణ్ణుంచి వచ్చింది. మధ్యలో రూథర్‌ఫర్డ్ అని ఇంకో కొలత కూడా పుట్టిందట. ఒక మెగాబెకెరెల్‌కు సరిసమానం. కుట్టించుకుని తొడుక్కోకుండానే బిగుతైపోయిన చొక్కాలా అది మూలన పడింది.

ముప్ఫై ఏడో ఎక్కం ఆమెకు కంఠతా వచ్చు. అందులో ఓ తమాషా ఉంది. ముప్ఫై ఏడు మూళ్లు నూట పదకొండు. ముప్ఫై ఏడు ఆర్లు రెండువందల ఇరవై రెండు. ముప్ఫై ఏడు తొమ్ములు మూడువందల ముప్ఫై మూడు. మూడేసి మెట్లు ఎక్కినప్పుడల్లా ఒకే అంకె వరసగా మూడుసార్లు నిలబడుతుంది. ఈ సంగతి పట్టుకుని ఆమె, పాత పెద్ద డాక్టరుగారు కలిసి ఆ విభాగంలో ఓ అలవాటు తెచ్చారు. రోగికి ఇబ్బంది లేనంతవరకు మందు మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను మిల్లీక్యూరీల్లోనే రాయడం. కొత్త కొలతలోకి మార్చినప్పుడు మూడు అంకెలూ ఒకటే అయితే లెక్క సరిపోయినట్టు. కాకపోతే మళ్లీ మొదట్నుంచి చూసుకోవాలి.

ఇంట్లోనూ ఇదే గోల. మా అమ్మాయిని ఊయలలో వేసి ఆవిడ పాడింది ఈ ఎక్కమే. బళ్లో పంతులమ్మ నన్ను పిలిపించి, "మీ పాపకు పదమూడో ఎక్కం రావట్లేదు, ముప్ఫై ఏడోది మాత్రం గడగడా చెప్పేస్తోంది, ఇంట్లో ఏం చెబుతున్నారండీ?" అని నిలదీసింది. మా అమ్మ అలిగి గదిలో కూచుంటే మా ఆవిడ వంటింట్లోంచి నాకు లెక్క చెప్పేది.

"అత్తయ్యగారి కోపం మా ల్యాబ్‌లోని అయోడిన్ మందు లాంటిదండీ. ఎనిమిది రోజులకు సగమవుతుంది. ఇంకో ఎనిమిది రోజులకు ఆ సగంలో సగం. పూర్తిగా పోవడమన్నది మాత్రం శాస్త్రం ఒప్పుకోదు."

"నీ శాస్త్రం తగలెయ్య, మెల్లగా మాట్లాడు. వింటుంది" అనేవాణ్ణి.

లోకమంతా కొత్త కొలతకు మారిపోతే నువ్వొక్కదానివీ ఆ మిల్లీక్యూరీలు పట్టుకుని ఎందుకు వేలాడుతావని నేను ఆటపట్టించేవాణ్ణి. ఆమె నా మెడలోని టేపు పట్టి లాగేది. అందులో ఓ వైపు సెంటీమీటర్లున్నాయి. ఆ వైపు నేను ఈ జన్మలో చూసిన పాపాన పోలేదు. నడుము తొంభై సెంటీమీటర్లని ఎవరైనా చెబితే నాకు మనిషి కళ్లముందుకు రాడు. ముప్ఫై ఆరు అంగుళాలంటే పొట్టతో సహా వచ్చి నిలబడతాడు.

ఇలా రోజులు గడుస్తుండగా పాత డాక్టరుగారు వెళ్లిపోయి కొత్త డాక్టరమ్మ వచ్చింది. మంచి మనిషే, కాకపోతే నిప్పు. ఇంతకు ముందు పనిచేసిన చోట ఎవరో రెండు కొలతలనూ కలగాపులగం చేసి ఓ రోగిని ప్రమాదంలోకి నెట్టారట. ఆ భయం ఆవిడను వదల్లేదు. వచ్చీరాగానే ఉత్తర్వు వేసింది. ఇకమీదట ఈ విభాగంలో పాత కొలత మాట వినబడకూడదు, రాత కనబడకూడదు. భయపడ్డ మనిషి చేసిన పనిని నేను తప్పుపట్టను. ఆ తర్వాత చేసినదానికి మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది.

కొలిచే యంత్రానికి ఓ బటన్ ఉంది. నొక్కితే కొత్త కొలత, మళ్లీ నొక్కితే పాతది. కొత్త కొలతకు పచ్చదీపం, పాతదానికి ఎర్రదీపం. పచ్చదీపం ఎప్పుడో మాడిపోయింది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎర్రదీపం వెలగకపోతే కొత్త కొలతే అని అందరికీ అలవాటైపోయింది. డాక్టరమ్మ ఆ ఎర్రదీపం పక్కన పాత కొలత పేరు చూసింది. చూసి, దెబ్బలకు వేసే ప్లాస్టర్ తెప్పించి, పేరూ దీపమూ రెండూ కనబడకుండా అంటించేసింది.

మా ఆవిడ అలవాటు ప్లాస్టర్‌కు లొంగేది కాదు. ఓసారి రోగి ముందే "పన్నెండు మిల్లీ" అని నోరు జారింది. ఇంకోసారి ఆ బటన్ నొక్కుతూ దొరికిపోయింది. డాక్టరమ్మ ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఇంకొక్కసారి జరిగిందంటే మిమ్మల్ని రికార్డుల గదికి మార్చేస్తాను. నాకు వేరే దారి లేదండీ."

రికార్డుల గదిలో కిటికీ ఉంది, ఫ్యాను ఉంది, మెత్తటి కుర్చీ ఉంది. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. మా ఆవిడ ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని చేత్తో కెలుకుతూ ఉండిపోయింది. కంటికి కనబడనిదాన్ని కొలిచి, చేతులారా అందించి, మనిషి బాగుపడి తిరిగొస్తే చూడటం ఆమెకు ప్రాణం. ఆ గది పోతే ఆమె ఏమైపోతుందో అని నాకు బెంగ పట్టుకుంది. నేను కూడా సరిగ్గా తినలేదని చెప్పాలనుంది గానీ, అది అబద్ధం. అప్పటికే నాకు విపరీతమైన ఆకలి మొదలైంది. ఎంత తిన్నా చిక్కిపోతున్నాను.

ఆకలితో ఆగితే బాగుండేది. చేతులు వణకసాగాయి. సూదిలో దారం ఎక్కించడానికి తల ప్రాణం తోకకొచ్చేది. కత్తెర నా మాట వినడం మానేసింది. ఓ పెద్దమనిషికి పాంటు కుట్టిచ్చాను, తొడుక్కుని అద్దం ముందు నిలబడి, "నాకు ఒక కాలు పొట్టి అని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమిటండీ?" అన్నాడు. ఆయన హాస్యానికే అన్నాడు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. దర్జీకి చేతులు పోతే ఇంకేం మిగులుతుంది? మా ఆవిడ నా మెడ తడిమి, నాడి పట్టుకుని చూసి, ఆసుపత్రికి లాక్కుపోయింది. మెడలోని థైరాయిడ్ గ్రంథి అదుపు తప్పిందన్నారు. మందు రేడియో అయోడిన్, ఒక్క గుళిక. డాక్టరమ్మ చీటీ మీద ఐదువందల యాభై ఐదు మెగాబెకెరెల్‌లని రాసింది. మా ఆవిడ నావైపు చూసి కళ్లతోనే నవ్వింది. ముప్ఫై ఏడు పదిహేన్లు.

అయినవాళ్ల మందు అయినవాళ్లు కొలవకూడదని అక్కడ నియమం. అందుకని నా గుళికను కొలిచే పని ఇంకో టెక్నీషియన్‌కు అప్పజెప్పారు. ఆయన్ను అందరూ నిదానం అంటారు. ఎవరేం అడిగినా "నిదానం, నిదానం" అంటాడు. భవనం అంటుకున్నా ముందు చెప్పులు వేసుకునే రకం.

ఆ రోజు పొద్దున్న ఖాళీ కడుపుతో వెళ్లి హాట్ ల్యాబ్ పక్కగదిలో కూచున్నాను. మా ఆవిడను మందు అయ్యేదాకా అటు రావద్దని చెప్పి స్కానింగ్ గదికి పంపారు. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఇంతలో తలుపు దభాలున తెరుచుకుని నిదానం పరుగెత్తుకొచ్చాడు. నిదానం పరుగెత్తడం ఆ ఆసుపత్రిలో ఎవరూ చూసి ఉండరు.

"మేడమ్! గుళిక చచ్చిపోయింది! ఐదొందల యాభై ఐదు రావాల్సింది, పదిహేను చూపిస్తోంది!"

డాక్టరమ్మ వచ్చింది, యంత్రం చూసింది, గుళికను తీసి మళ్లీ దించింది. పదిహేనే. అంతే, అంతా అల్లకల్లోలమైపోయింది. పంపిన కంపెనీకి ఫోన్ చేసి ఆవిడ దులిపేస్తోంది. దారిలో ఎక్కడైనా కారిపోయిందేమో అని ఇంకెవరికో అనుమానం వచ్చింది. దాంతో తెల్లారకముందే మందు తెచ్చి, ఖాళీ పెట్టె కోసం ఇంకా అక్కడే ఉన్న వ్యాను డ్రైవర్‌ను నడవలో చేతులు చాపి నిలబెట్టి, ధార్మికత తగిలితే టిక్కుటిక్కుమనే మీటరు ఒంటినిండా తిప్పారు. పాపం ఆయన మొహం చూడాలి. జేబులో ఉన్న దువ్వెన్ను కూడా వదల్లేదు.

నేను మాత్రం కుర్చీలో కొయ్యబారిపోయాను. ఐదువందల యాభై ఐదు. పదిహేను. ఇన్నేళ్లు ఊయల పక్కన, కంచం పక్కన విన్న ఎక్కం. నాకు లెక్కలు రావు. కూడికకు కూడా వేళ్లు మడుస్తాను. కానీ ఈ ఒక్కటి నన్ను అడగకుండానే చెవిలో కాపురం పెట్టింది. గుళిక చావలేదు, నిక్షేపంలా ఉంది. యంత్రం పాత కొలతలో మాట్లాడుతోంది, అంతే. డాక్టరమ్మకు లెక్క రాక కాదు. ఆ కొలత ఈ గదిలో లేదని తనే ఉత్తర్వు వేసింది. లేనిదాన్ని ఎవరు వెతుకుతారు? ఉన్న ఒక్క దీపమూ ప్లాస్టర్ కింద వెలుగుతోంది.

మరి ఆ బటన్ ఎవరు నొక్కి ఉంటారు? ఈ భవనం మొత్తంలో అలాంటి మనిషి ఒక్కతే ఉంది.

నోరు తెరిచి చెబితే నాకు మందు దక్కుతుంది, ఆమె గది పోతుంది. నోరు మూసుకుంటే ఆమె గది దక్కుతుంది, నేను వణికే చేతులతో ఇంటికి పోతాను. పోతే పోయాను. ఇంకో గుళిక వస్తుంది కదా, అప్పటిదాకా గుండీలు మా అమ్మ కుడుతుంది. డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చింది.

"క్షమించండి. మందు పాడైనట్టుంది. కొత్తది తెప్పించి రెండు వారాల్లో పిలుస్తాం."

"దానికేముందండీ" అన్నాను. అంతటితో ఊరుకోక, "ఈ రోజుల్లో ఏ కంపెనీనీ నమ్మడానికి లేదు" అని కూడా అన్నాను. చేతులు చాపి నిలబడ్డ డ్రైవర్ నన్ను చంపేలా చూశాడు. ఆయనకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అప్పుడు మా ఆవిడ వచ్చింది. గోల విని స్కానింగ్ గదిలోంచి వచ్చేసినట్టుంది. నన్ను చూడలేదు. నేను కళ్లతో, కనుబొమ్మలతో, చివరికి కాలితో కూడా సైగ చేశాను. నేరుగా డాక్టరమ్మ ముందుకు వెళ్లి నిలబడింది.

"ఆ డ్రైవర్‌గారిని వదిలేయండి మేడమ్. గుళిక బాగానే ఉంది. పొద్దున్న ఎవరూ రాకముందు నేనే కొలిచి చూశాను. బటన్ మళ్లీ నొక్కడం మర్చిపోయాను."

డాక్టరమ్మ లోపలికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకంతా కనబడుతోంది. ప్లాస్టర్ అంచు గోటితో లేపి, చర్రున పీకింది. ఎర్రదీపం నిబ్బరంగా వెలుగుతోంది. ఆవిడ ఆ ప్లాస్టర్ ముక్కను ఉండచుట్టి కోటు జేబులో వేసుకుంది. తర్వాత బటన్ నొక్కింది. అంకె ఐదువందల యాభై ఐదుకు రెండో మూడో ఎక్కువ చూపించింది.

"బటన్ నొక్కింది మీరు. దీపం మూసింది నేను" అంది చివరికి. "కానీ మీ ఆయన మందును మీరు ముట్టుకోకూడదని తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

"అయితే ఇవాళ్టి నుంచి సెలవులో ఉండండి. రికార్డుల గది సంగతి నేను ఆలోచించుకోవాలి."

నిదానం గుళిక తెచ్చిచ్చాడు, నేను మింగేశాను. ఇన్ని కోట్ల అణువులు విరుగుతుంటే గొంతులో కాస్తయినా గరగరలాడుతుందనుకున్నాను. ఏమీ లేదు. ఉత్త నీళ్లు తాగినట్టుంది.

గుళిక మింగినవాడి ఒంట్లోంచి కూడా కిరణాలు వస్తాయట, కొన్నాళ్లు మనుషులకు ఎడంగా ఉండాలి. అందుకని మా అమ్మనూ అమ్మాయినీ మా చెల్లెలింటికి పంపేశాం. మిగిలింది సెలవు మీదున్న మా ఆవిడ, నేను. ఆమె నా టేపు తీసుకుని నా మంచం దగ్గర్నుంచి హాల్లోకి నేలమీద పరిచింది. రెండు మీటర్ల దూరం కావాలి. దర్జీ టేపు అరవై అంగుళాలకే అయిపోతుంది. దాన్ని జరిపి ఇంకో పందొమ్మిది అంగుళాలు కొలిచి, నా సుద్దముక్కతోనే గీత గీసింది. గీత అవతల కుర్చీ వేసుకుని జైలు కాపలావాడిలా కూచుంది. నేను మంచం మీద కాస్త ముందుకు వంగినా "వెనక్కి, వెనక్కి" అని అదిలించేది. కంచం గీత దగ్గర పెట్టి, తను వెనక్కి జరిగాకే నన్ను తీసుకోమనేది. ఇంత నియమనిష్ఠలున్న మనిషి ఆ పొద్దున్న అంత పని ఎలా చేసిందా అని నాకు ఒకటే ఆశ్చర్యం.

కొన్ని రోజులకు డాక్టరమ్మ ఫోన్ చేసింది. పచ్చదీపం మార్పించిందట. ఎర్రదీపానికి ప్లాస్టర్ మళ్లీ వేయలేదట. ఇకనుంచి ప్రతి గుళికనూ ఇద్దరు చూడాలి, అంకెతోపాటు ఏ దీపం వెలుగుతోందో పైకి చెప్పాలి. "మీ సెలవు అవగానే హాట్ ల్యాబ్‌కే రండి. కానీ మీ ఇంట్లోవాళ్ల మందు జోలికి వెళ్లారంటే ఈసారి నేను ఆలోచించను" అందట. మా ఆవిడ ఫోన్ పెట్టేసి, గీత అవతల కుర్చీలో కూచుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లేచి వెళ్లి ఓదార్చే వీలు కూడా లేదు నాకు. అంత దూరం నుంచి ఏడుపు చూడటం మహా కష్టం.

కాస్త తేరుకున్నాక అడిగాను.

"అసలు ఎందుకు చూశావే? నిదానం మీద నమ్మకం లేకనా?"

"ఆయన్ను నమ్మకపోవడమేంటండీ. ఐదొందల యాభై ఐదంటే నాకు లెక్క తెలుసు. మనిషి తెలీదు. పదిహేనంటే నాకు మనుషులు కనబడతారు. వణుక్కుంటూ వచ్చి, పదిహేను మింగి, కొన్నాళ్లకు చేతులు కుదురుగా పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చినవాళ్లు. మీ గుళిక మీద ఆ పదిహేను ఒక్కసారి చూసుకుంటే గానీ నాకు కాలు నిలవలేదు."

అది విన్న ఊపులో నేను కూడా నోరు జారాను.

"నాకు ముందే తెలిసిపోయింది. నిదానం అంకె చెప్పగానే బటన్ పనే అనుకున్నాను."

ఆమె కన్నీళ్లు టక్కున ఆగిపోయాయి.

"తెలిసి నోరు మూసుకుని కూచున్నారా? మందు లేకుండా ఇంటికి వచ్చేసేవారా? ఆ చేతులతోనా?"

"నీ గది పోతుంది కదా అని..."

"నా గది! మీకేమైనా మతి ఉందా అసలు!" అని తిట్టడం మొదలుపెట్టింది. చాలాసేపు తిట్టింది. మా అమ్మతో పోలిక కూడా తెచ్చింది. ఎవరూ నన్ను అంత ప్రేమగా తిట్టలేదు. మధ్యలో ఓసారి చేతులు చాపి చూపించాను. వణుకు ఇంకా పూర్తిగా పోలేదు గానీ, తగ్గుముఖం పట్టినట్టే అనిపించింది.

ఆమె తిట్టడం ఆపి చూసింది. లేచింది. నేలమీది సుద్దగీతను కాలితో చెరిపేసింది. టేపు మళ్లీ తెచ్చి నా మంచం దగ్గర్నుంచి ఒక్కసారి పరిచి, అది అయిపోయిన చోట కుర్చీ వేసుకుని కూచుంది. రెండోసారి జరపలేదు.

"అరవై అంగుళాలు రెండు మీటర్లా?" అన్నాను.

"మా పాత లెక్కలో అంతేనండీ" అంది ముప్ఫైయేడమ్మ.